పొత్తు లెక్క

దస్తగిరికీ నాకూ పొత్తు పదకొండేండ్లు.
రాయచోటి రోడ్డు పక్కన రేకుల షెడ్డు,
కింద కడప బండలు, బండల సందుల్లో ఆయిలు,
గోడ మీద బొగ్గుతో రాసిన లెక్క:
నీకు సగం, నాకు సగం.

ఆ పొద్దు ఆ సగం కాడే మాటామాటా వచ్చింది.
నాలుగు నెల్లుగా నడుము పట్టేసి
వాడు స్టూలు మీద కూచోని పానాలు అందిస్తాండాడు.
బండి కింద పండుకునేది నేను,
మడ్డి కారేది నా కండ్లలో.
"ఇంకా సగం యాడిదిరా?" అన్న్యా.
అన్నాక నోరు కరుచుకోవాల్సింది. కరుచుకోలా.
వాడు బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకున్యాడు.
అంతే.

అప్పుడొచ్చింది నీలం కారు.
ప్రొద్దుటూరు బంగారంగడి పిల్లోడు గోకుల్,
మూడు నూర్ల గుర్రాలు బానెట్టు కింద కట్టేసుకున్నోడు.
"నాలుగు చక్రాలూ లాగాల కదన్నా,
మలుపులో తొక్కితే మూతి బయటికి పోతాది,
ఎనక చక్రాలు ఏమీ పట్టనట్టు ఉంటాయి."

విప్పితిమి.
ముందు ఇరుసుకూ ఎనక ఇరుసుకూ నడుమ
గుమ్మడికాయంత డబ్బా.
లోపల పండ్ల చక్రాలు పంచుతాండాయి,
ముందుకు నాలుగు పాళ్లు, ఎనక్కి ఆరు.
వాటి పక్కన క్లచ్చి పలకలు
మాడిన దోసెల మాదిరి, ముట్టుకుంటే పొడి.

గోకుల్‌కు అర్థం కాలా.
దస్తగిరి స్టూలు దిగినాడు, నడుము పట్టుకోని.
ముందు చక్రాల కింద బండ మీద ఆయిలు పోసి
"తొక్కు" అన్యాడు.
ముందు చక్రాలు గిర్రున తిరిగినాయి.
గట్టి నేల మీదున్న ఎనక చక్రాలు
కదల్లేదు, మెదల్లేదు.

"చూస్తివా?
పంపకంలో మోసం లేదు. పాళ్లు పాళ్ల ప్రకారమే.
కానీ జారేది ఎంత మోస్తాదో
దాన్ని బట్టే గట్టిదానికి అందేదీ.
అందుకే బండి ఈన్నే ఉండాది.
పలకలు బిగుసుకుంటేనే
పట్టున్నోని దిక్కు పోతాది బలం."

నేను రెంచి తుడుస్తా తుడుస్తా అంటి:
"ఆ పట్టున్నోని పాలు పెరగాల గదా మరి?"

వాడు నా దిక్కు చూడలా.
"టార్కంటే కూలి కాదురా ఓబులేసూ.
పని."

కొత్త పలకలు బెంగుళూరు నుంచి రావడానికి ఆరు దినాలు.
ఆ ఆరు దినాలూ మేము మాట్లాడుకుండేది
సైజుల్లోనే. పది, పన్నెండు, పదిహేడు.

ఏడోనాడు గువ్వలచెరువు ఘాటెక్కిస్తిమి.
నేను స్టీరింగు కాడ, వాడు పక్కన, ఎనక గోకుల్.
రాత్రి తుంపర పడి తారు ఇంకా తడి.
మొదటి మలుపులో తొక్కితే
సీటు నన్ను ఈపున తోసింది.
ఎక్కేటప్పుడు బరువంతా ఎనక కూచుంటాది,
ఆ బరువు కిందికే బలం పోతాంది.
ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా,
రెప్ప కొట్టేలోపల.
ముందు చక్రం రవ్వంత జారింది,
నాకు తెలిసేలోపలే ఎనకది అందుకునింది.
నేను నవ్వినా. వాడు చూసినాడు.

నా టైఫాయిడు గుర్తుకొచ్చింది, ఎందుకో.
రెండు నెల్లు మంచంలో ఉంటి.
గోడ మీది లెక్క
ఆ రెండు నెల్లూ మారలేదు.

పైన కోవా అంగడి కాడ ఆపినాము.
దస్తగిరి పొట్లం విప్పి, ఇరవబోయి, ఆగినాడు.
"ఎవరికిరా ఆకలి ఎక్కువ?"
ఇద్దరమూ ఎనక్కి తిరిగి చూస్తిమి.
గోకుల్ రాతికట్ట పట్టుకోని
మలుపులన్నీ లోయలోకి కక్కుతాండాడు.

దిగేటప్పుడు బరువు ముందుకొస్తాది.
ప్రతి మలుపుకూ వాడు పైన పిడి పట్టుకుంటాండాడు,
పండ్లు బిగబట్టుకోని, నడుము మాట చెప్పకుండా.
నేను మలుపుకు శానా ముందే
మెల్లగా బ్రేకు మీద కాలు పెడతాంటి.